ఖాళీ అని నేను రాసిన పదకొండెకరాలు

మొన్న ఇద్దరు అమ్మాయిలు బొమ్మనహళ్ళిలో మా ఇంటికొచ్చారు. ఇద్దరూ పంచాయతీ అభివృద్ధి అధికారులుగా కొత్తగా చేరినవాళ్ళు. "మేడం, ఈ ఉద్యోగంలో అసలు నేర్చుకోవాల్సింది ఏమిటి?" అని అడిగారు. నేను కాఫీ ఇచ్చి, ఫైళ్ళు సకాలంలో పంపండి, గ్రామసభలు సక్రమంగా పెట్టండి అని నాలుగు ముక్కలు చెప్పి పంపించేశాను. వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయాక నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆ నాలుగు ముక్కలూ శిక్షణలో ఎవరైనా చెబుతారు. నేను చెప్పాల్సింది నా తప్పు సంగతి. అది కడుపులో దాచుకుని, పెద్దమనిషిలా కూర్చున్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, శాలువాలు ఇందులో ఉండవు. ఒక ఊరు, ఆ ఊరి పదకొండెకరాల బీడు, దాని గురించి నేను రాసిన ఒకే ఒక్క లైను. ఆ లైను వల్ల ఊరి పాడి పోవాల్సింది. పోలేదు. నా ఉద్యోగ జీవితంలో నేను గర్వంగా చెప్పుకునేది అదొక్కటే, సిగ్గుపడాల్సిందీ అదే.

నేను పొలాల కోసం ఏడ్చే మనిషిని కాదు

ముందే ఒక మాట. నేను పుట్టిందీ పెరిగిందీ బొమ్మనహళ్ళిలోనే. మా పెద్దవాళ్ళు ఎప్పుడో ఆంధ్ర సరిహద్దు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో "ఉండాది, ఉండాడు" అనే తెలుగు, బయట కన్నడం. నా చిన్నప్పుడు మా ఇంటి వెనక రాగి చేలు ఉండేవి. నేను హైస్కూలుకు వచ్చేసరికి అక్కడ బట్టలు కుట్టే ఫ్యాక్టరీ లేచింది. మా అమ్మ అందులో మెషిను మీద కూర్చుంది. ఆమె జీతంతోనే నేను డిగ్రీ చదివాను.

కాబట్టి నగరం పల్లెల్ని మింగేసిందని నా దగ్గర ఎవరూ దీర్ఘాలు తీయొద్దు. ఆ ఏడుపు ఏడ్చేవాళ్ళలో చాలామంది బెళ్ళందూరులో పదో అంతస్తు బాల్కనీలో కూర్చుని ఏడుస్తారు. భూమి వాడకం మారుతుంది, మారనివ్వండి. మార్చే ముందు దాని మీద బతికేవాళ్ళని అడిగారా లేదా అన్నదే నాకు ముఖ్యం. ఆ ప్రశ్న కూడా నాకు పుట్టుకతో రాలేదు. దెబ్బ తిన్నాకే వచ్చింది.

ఒక్క లైను

హోసూరు రోడ్డు వదిలి లోపలికి పోతే నా మొదటి పంచాయతీ. సగం ఇళ్ళలో తెలుగు, సగం ఇళ్ళలో కన్నడం, అందరికీ రెండూ వచ్చు. రాగి తిండికి, పాలు బతుకుతెరువుకి. తెల్లవారగానే పాల సంఘం ముందు క్యాన్లు వరుసకట్టేవి. ఆడవాళ్ళ చేతిలో ఏదైనా స్వతంత్రం ఉందంటే అది ఆ పాల వల్లే.

నేను చేరిన కొత్తలో తాలూకా ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పంచాయతీ హద్దుల్లో ఉన్న ప్రభుత్వ భూములన్నీ చూసి, ఏ భూమి దేనికి వాడుతున్నారో రాసి పంపమన్నారు. నాకు ఉత్సాహం ఎక్కువ. మిగతా పంచాయతీలవాళ్ళు కుర్చీలో కూర్చుని నింపేశారు, నేను మాత్రం కాలినడకన పోయి చూస్తానని బయల్దేరాను. ఆ సంగతి అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆ ఊళ్ళో గోమాళం ఉంది. గోమాళం అంటే ఊరి పశువుల కోసం విడిచిన ప్రభుత్వ బీడు. పదకొండెకరాలు. నేను పోయింది ఆషాఢ మాసంలో, సన్నగా తుంపర పడుతోంది. లోపలికి పోయే చోట రెండు రాతి కంబాల మధ్య ఎండుగడ్డితో పేనిన తాడొకటి అడ్డంగా కట్టి ఉంది, దానికి వేపమండలు వేలాడుతున్నాయి. ఏదో పాత తాడులే అనుకుని దాటేశాను. ఈ చివర నుంచి ఆ చివరికి గడ్డిలో అడ్డంగా నడిచాను. ఒక్క ఆవు లేదు, ఒక్క మనిషి లేడు. అక్కడే నిలబడి గొడుగు కింద ఫారం మీద రాశాను: "ఖాళీగా ఉంది. ప్రజలు ఏ విధంగానూ వాడుకోవడం లేదు."

తిరిగి వస్తుంటే గట్టు మీద ఒక పెద్దావిడ కూర్చుని నావైపే చూస్తోంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆమె పేరు మునియమ్మ అని, రెండు ఆవుల మీద ఇల్లు నడుపుతోందని తరువాత తెలిసింది.

నాకు నోరుంది, ఆమె భాష నా భాషే, ఎదురుగా ఉంది. "ఏమ్మా, ఈ బీడు ఎవరికీ అక్కర్లేదా?" అని ఒక్క మాట అడగలేదు. కళ్ళతో చూశాను కదా, ఇంక అడిగేదేముంది అనుకున్నాను.

ఆ లైను తిరిగొచ్చింది

రెండేళ్ళకి ఒక ఫైలు వచ్చింది. ఒక కంపెనీ గోడౌన్లు కట్టడానికి ఆ పదకొండెకరాలు ఇప్పించమని అడిగింది. ఫైలు లోపల నా ఫారం నకలు ఉంది. నేను రాసిన లైను కింద ఎవరో ఎర్ర సిరాతో గీత గీశారు.

పంచాయతీ అధ్యక్షుడు కృష్ణారెడ్డికి ఆ గోడౌన్లు కావాలి. ఆయన దుర్మార్గుడని అనుకోకండి. ఊళ్ళో కుర్రకారుకి పని లేదన్న దిగులు ఆయనకి నిజంగా ఉండేది. గ్రామసభలో లేచి సూటిగా అడిగాడు.

"మన పిల్లోల్లు పీణ్య దాకా పోయి మెషిను షాపుల్లో చెయ్యి కాల్చుకుంటా ఉండారు. ఊర్లోనే పని వస్తే ఒద్దంటామా? ఎవరూ వాడని నేల అని మేడమే రాసినారు గదా."

అంతా నావైపు తిరిగారు. వెనక వరుసలో మునియమ్మ లేచింది.

"మేం వాడేది లేదని నీకెవరు చెప్పినారమ్మా?" అంది, అరవకుండానే. "ఆ కసువు లేకుంటే మా గొడ్లు యాడ మేసేది? ఎండాకాలానికి గడ్డి వామి ఎట్ల ఏసేది? బజార్లో కొని మేపితే పాలు పోసి ఏం మిగిలేది? ఆవుల్ని అమ్ముకోవాల్సిందే."

కసువు అంటే గడ్డి. ఆ ఒక్క మాటతో సభలో ఆడవాళ్ళంతా మాట్లాడటం మొదలుపెట్టారు. నేను మినిట్స్ పుస్తకంలో తలదూర్చి కూర్చున్నాను. ఒకరి పాడి పోతుందంటే నాకు బాధ కలగలేదా అంటే కలిగింది. అయితే నిజం చెప్పాలి, ఆ రోజు నాకు అంతకంటే ఎక్కువ కలిగింది తప్పు రాసినందుకు నోటీసు వస్తుందన్న భయం.

మర్నాడు తాలూకా ఆఫీసుకి పోయి మా పై అధికారిని కలిశాను. మేమంతా ఆయన్ని ఈఓ గారు అనేవాళ్ళం. ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చుకుని గుక్కగుక్కగా తాగుతూ వినే మనిషి. నా గోడంతా విని అడిగాడు.

"మీరు రాసిందాన్ని మీరే తప్పంటే, రేపు మీరు రాసేవన్నీ ఎవరు నమ్ముతారమ్మా?"

అసిస్టెంట్ కమిషనర్ గారే స్వయంగా వచ్చి బీడు చూస్తారని, ఆయన చూసిందాన్ని బట్టే నిర్ణయమని చెప్పి పంపించాడు. ఏ నెలలో వస్తారో కనుక్కుంటే, మళ్ళీ ఆషాఢమే.

రెండో తప్పు, మొదటిదానికంటే తెలివైనది

బస్సులో వస్తూ నాకొక ఉపాయం తట్టింది. ఏసీ గారు వచ్చే రోజు ఊరి పశువులన్నిటినీ బీట్లోకి తోలితే సరి. కళ్ళారా చూస్తాడు, వాడుకలో ఉందని రాస్తాడు, నా లైను ఎవరికీ గుర్తుండదు. నేను తప్పు ఒప్పుకోనవసరం లేకుండానే బీడు మిగులుతుంది. ఎంత మురిసిపోయానో. పాల సంఘంలో పదిమంది మగవాళ్ళని కూర్చోబెట్టి చెప్పాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, సరే మేడం అన్నారు. ఆ చూపుల అర్థం నేను అడగలేదు. అడగకపోవడం నాకప్పటికి అలవాటైపోయింది.

మర్నాడు పొద్దున్నే మునియమ్మ ఆఫీసుకొచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆ పొద్దు గొడ్లు తోలమన్నావంట?"

"అవునమ్మా, మీ కోసమే. ఖాళీగా కనబడితే ఇచ్చేస్తారు."

"ఆషాఢంలో తోలేదెట్ల?"

"ఏం, ఎందుకు తోలకూడదు?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది. నాకు నిజంగానే ఏమీ తెలియదని అప్పుడే ఆమెకి అర్థమైనట్టుంది.

"మొదటి పెద్దవాన పడినాక బీడు కట్టేస్తామమ్మా. కసువు మొలకెత్తల్ల, విత్తనం పట్టల్ల. శ్రావణంలో మొదటి సోమవారం దాకా గొడ్డు గానీ మనిషి గానీ లోపల కాలు పెట్టకూడదు. తాడు కట్టేది దానికే. మా అత్త కాలం నించీ ఇట్లే ఉండాది. కట్టు తప్పినోడు వారం దినాలు గట్టుకి రాళ్ళు మొయ్యల్ల. ఆ నెలన్నర మేం నోరు కట్టుకుంటేనే తక్కిన ఏడాదంతా గొడ్లు తినేది."

నేను ఖాళీ అని రాసిన ఆ రోజు, ఊరు ఊరంతా తన కట్టుబాటు నిలబెట్టుకుంటోంది. అంత గట్టిగా పాటించారు కాబట్టే నాకు అక్కడ ఎవరూ కనబడలేదు. వాళ్ళు కాపాడుతున్నదాన్నే ఎవరికీ అక్కర్లేదని రాశాను. పైగా అందులో అడ్డంగా నడిచాను.

"మరి నేను తాడు దాటి నడుస్తుంటే చూశావు కదమ్మా. ఒక్క కేక వెయ్యలేదేం?"

"ఆఫీసరమ్మవి. సర్కారు నేల, సర్కారు మనిషి నడస్తా ఉండాది, మనమెవరం అనుకుంటి. ఇంటికి పోయి తిట్టుకుంటిలే." మళ్ళీ తనే అంది. "ఇప్పుడు చూపించేదానికని మేమే చెడగొట్టుకోవల్లనా? పదకొండెకరాలు తొక్కించి, ఆయప్ప పోయినాక మా గొడ్లకి ఏం పెట్టేది?"

ఏడుపొచ్చింది. ఆమె ముందే ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, ఏడవనిచ్చింది. తరువాత మగవాళ్ళని మళ్ళీ పిలిచి, పశువుల్ని తోలొద్దని చెప్పాను. వాళ్ళ మొహాల్లో వెలుగు చూసి ఇంకా సిగ్గేసింది. నేను ఆఫీసర్ని కాబట్టి కాదనలేక ఒప్పుకున్నారు, పాపం.

ఒక పేజీ

మళ్ళీ ఈఓ గారి దగ్గరికి పోయాను. పాత రిపోర్టు తప్పని రాసిస్తానన్నాను. ఆయన చాలాసేపు నీళ్ళు తాగాడు. "సంజాయిషీ నోటీసు ఇవ్వక తప్పదు, ఇస్తాను," అన్నాడు. లేచి వస్తుంటే మళ్ళీ పిలిచాడు. "తప్పు ఒప్పుకునే కాగితం ఒక పేజీ దాటకూడదు. దాటితే అది సాకు అవుతుంది."

నేను మొదట రాసింది నాలుగు పేజీలు. కొత్తగా చేరాను, వాన పడుతోంది, ఫారంలో చోటు చాల్లేదు... అన్నీ కొట్టేస్తే మిగిలింది అర పేజీ. ఎవరినీ అడగకుండా రాశాను, అది తప్పు, అసలు వాడకం ఇది అని. ఆయన ఇచ్చిన సలహా ఇప్పటికీ నేను అందరికీ చెబుతాను. నోటీసు కూడా చెప్పినట్టే ఇచ్చాడు లెండి.

తనిఖీ

ఏసీ గారు జీపు దిగేసరికి ఊరంతా గట్టు మీద ఉంది. బీట్లో మాత్రం ఒక్క పురుగు లేదు. గడ్డి మోకాలి దాకా లేచి తడితడిగా ఉంది. కంపెనీ మనిషి నవ్వు ఆపుకోలేక, "చూశారు కదా సార్, ఖాళీ," అంటూ తాడు పైకెత్తి పట్టుకున్నాడు. ఏసీ గారు తల వంచి లోపలికి పోబోయారు.

"అప్పా, ఆగు," అంది మునియమ్మ.

ఆయన ఆగాడు. నేను తనిఖీకి వచ్చానమ్మా, లోపలికి పోకుండా ఎలా చూడాలి అని కన్నడంలో అడిగాడు. ఆమె సగం కన్నడం, సగం తెలుగు కలిపి చెప్పింది.

"గట్టు మింద నడిచి చూడప్పా. ఇంకా పన్నెండు దినాలుండాది కట్టు. నా ఆవు ఈని వారమైంది. పచ్చి కసువు లేక ఎండుది నమలతా ఉండాది. అదే లోపలికి పోలేదు. నువ్వెట్ల పోతావు?"

మొదటిసారి నేను తాడు దాటినప్పుడు నోరు మూసుకున్న మనిషి, నాకంటే ఎంతో పెద్ద అధికారిని నిలబెట్టింది. ఆయన ఆ తాడువైపు, ఆమెవైపు చూసి, ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. తరువాత బురద గట్టు మీద బీడు చుట్టూ పూర్తిగా ఒక చుట్టు నడిచాడు. మేమంతా వెనకాలే.

తిరిగొచ్చాక కృష్ణారెడ్డిని అడిగాడు. "మీరు అధ్యక్షులు. ఈమె చెప్పేది నిజమేనా?"

ఒక్క అబద్ధం చాలు, ఆయన గోడౌన్లు ఆయనకొచ్చేవి. కృష్ణారెడ్డి తల గోక్కున్నాడు. "నిజమే సార్. నా చిన్నప్పుడు మా దూడ తాడు తెంపుకొని లోపలికి పోయింది. మా నాయన వారం దినాలు ఈ గట్టుకే రాళ్ళు మోసినాడు. నేను కూడా మోసినా."

ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఆ క్షణంలోనే. ఆ తరువాత ఎన్ని విషయాల్లో కొట్లాడుకున్నా ఆ గౌరవం తగ్గలేదు.

చివరికి ఏసీ గారు నా పాత ఫారం తీసి, "మరి ఇదేమిటి?" అన్నారు. నా అర పేజీ కూడా ఆయన చేతిలోనే ఉంది. ఊరందరి ముందు నా నోటితో వినాలనుకున్నారేమో. గట్టిగా చెప్పాను.

"తప్పు రాశాను సార్. ఎవరినీ అడగలేదు."

తరువాత

మాఘమాసంలో ఆర్డరు వచ్చింది. బీడు బీడుగానే ఉంటుంది. ఆషాఢం కట్టు సంగతి కూడా అందులో వివరంగా రాశారు. కృష్ణారెడ్డి, నేను కలిసి తిరిగి, రోడ్డు పక్కన రాళ్ళ నేలల సొంతదారులని ఒప్పించి గోడౌన్లు అక్కడికి రప్పించాం. చెప్పినన్ని ఉద్యోగాలు రాలేదు, కొన్ని వచ్చాయి. పాల సంఘానికి పాలు చల్లబరిచే యంత్రం తెచ్చాం. దాంతో సాయంత్రం పాలు కూడా విరిగిపోకుండా నిలిచాయి. ఆ ఊరి చుట్టుపక్కల ఇప్పుడు ఎటు చూసినా లేఅవుట్లే. ఆ పదకొండెకరాలు మాత్రం ఉన్నాయి. ఆవులూ ఉన్నాయి.

ఇక ఈఓ గారి ప్రశ్న. నా తప్పు ఒప్పుకున్నాక నేను రాసేవి ఎవరు నమ్మారు? అందరూ నమ్మారు. అంతకుముందు నేను అడిగితే తప్ప నోరు విప్పనివాళ్ళు, పిలవకుండానే ఆఫీసుకొచ్చి చెప్పడం మొదలుపెట్టారు. ఏ కాలువ ఎవరు పూడ్చారో, ఏ మ్యాపులో హద్దు తప్పుందో అన్నీ నా దాకా వచ్చేవి. అమ్మాయిలూ, మీరు ఏ భూమి గురించి రాసినా ఒకటికి మూడుసార్లు, మూడు కాలాల్లో పోయి చూడండి. చూసింది రాసే ముందు అక్కడ కూర్చున్న మనిషిని అడగండి. ఊరు తన పనులన్నీ మనకి కనబడేలా చెయ్యదు.

తరువాతి శ్రావణంలో మొదటి సోమవారం నన్ను పిలిచారు. కట్టు విప్పే రోజు ఊళ్ళో అందరికంటే పెద్దావిడ మొదటి ఆవుని లోపలికి నడిపిస్తుంది, తక్కిన పశువులన్నీ ఆమె వెనక పోతాయి. ఆ పెద్దావిడ మునియమ్మే. గడ్డితాడు విప్పేశారు. ఊరి పశువులన్నీ వెనక తోసుకుంటున్నాయి. మునియమ్మ తన ఆవు పగ్గం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నేనెందుకమ్మా? నేను ఈ ఊరిదాన్ని కూడా కాదు. పైగా నాకు ఆవులంటే భయం," అన్నాను.

"పట్టుకో. మా కన్నా ముందు తొక్కినదానివి నువ్వే గదా," అంది. ఊరంతా గొల్లున నవ్వింది. ఆమె మాత్రం నవ్వకుండా నా భుజం మీద చెయ్యి వేసింది. "ఈసారి మేం పిలిస్తే పోతా ఉండావు. పో."

చెప్పులు విప్పాను. కాలు పెట్టగానే గడ్డి చల్లగా తగిలింది. నాలుగడుగులు వేశానో లేదో ఆవు ఆగి, తల దించి, మేత మొదలుపెట్టింది. ఎంత లాగినా కదల్లేదు. "వదిలెయ్యమ్మా, దానికి గొత్తు, యాడ మేసేదో దానికే తెలుసు," అని వెనక నుంచి మునియమ్మ అంది. పగ్గం వదిలేసి పక్కకి జరిగాను. ఊరి ఆవులన్నీ నన్ను దాటుకుంటూ లోపలికి వెళ్ళాయి.